పొలం ఉష్ణయంత్రం కాదు: వ్యవసాయ విద్యలో జీవ ఉష్ణగతిక శాస్త్రం

గోదావరి తీరాన, మణుగూరు, పినపాక మండలాల పరిధిలో నెలకొన్న భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 270 మెగావాట్ల సామర్థ్యం గల నాలుగు యూనిట్లున్నాయి. బొగ్గులోని రసాయనిక శక్తి అక్కడ మొదట వేడిగాను, తరువాత ఆవిరి పీడనంగాను, చివరకు విద్యుత్తుగాను మారుతుంది. అదే మండలంలో వరి, పత్తి, మిరప చేలున్నాయి. వాటిలోనూ జరిగేది శక్తి రూపాంతరమే. సూర్యకాంతి చక్కెరగా, చక్కెర గింజగా, దూదిగా, కాయగా మారుతుంది. రెండు చోట్లా వర్తించే ప్రకృతి సూత్రాలు ఒకటే. అవి పనిచేసే తీరు మాత్రం పూర్తిగా వేరు. ఆ ఏకత్వాన్నీ, ఈ భేదాన్నీ ఒకే పాఠంలో విద్యార్థికి అందించలేకపోవడం వ్యవసాయ విద్యలో చాలాకాలంగా ఉన్న లోపం.

వ్యవసాయ పట్టభద్ర కోర్సులో చేరే విద్యార్థి ఇంటర్మీడియట్ బైపీసీలోనే ఉష్ణగతిక శాస్త్రాన్ని రెండుసార్లు చదువుతాడు, ఒకసారి భౌతికశాస్త్రంలో, మరోసారి రసాయనశాస్త్రంలో. రెండు చోట్లా అతనికి కనిపించేది మూసిన స్తూపం, అందులో ఆదర్శవాయువు, దానిపై కదిలే ముషలకం. మొక్క, పశువు, మట్టి ఆ పాఠంలో ఉండవు. పట్టభద్ర స్థాయికి వచ్చేసరికి అదే శాస్త్రం ముక్కలై చెదిరిపోతుంది. జీవరసాయనంలో ఏటీపీ, శరీరధర్మశాస్త్రంలో నీటి శక్మం, వ్యవసాయ వాతావరణ శాస్త్రంలో గుప్తోష్ణం, ఇంజనీరింగ్ పాఠంలో ధాన్యం ఆరబెట్టడం ఇలా నాలుగు చోట్ల నాలుగు పేర్లతో వస్తుంది. ఇవన్నీ ఒకే సూత్రానికి కొమ్మలన్న మాట మాత్రం ఎక్కడా వినిపించదు. ఏజెన్సీ గూడేల నుంచి కళాశాల మెట్టెక్కిన తొలి తరం విద్యార్థికి, అందునా తెలుగు మాధ్యమం నుంచి ఆంగ్లంలోకి మారినవారికి, అది కంఠస్థం చేసి పరీక్షలో అప్పగించే సమీకరణాల పట్టికగానే మిగులుతుంది. ఆ నష్టం మార్కులతో ఆగదు. రేపు వ్యవసాయ విస్తరణాధికారిగా అతను ఇవ్వవలసిన సలహాల్లో చాలావాటికి మూలం ఈ శాస్త్రంలోనే ఉంది.

దహనం వేరు, శ్వాసక్రియ వేరు

1780లలో ఫ్రెంచి శాస్త్రవేత్తలు లవోయిజర్, లాప్లాస్ ఒక గినీపందిని మంచుతో చుట్టిన పాత్రలో ఉంచి, దాని దేహోష్ణానికి ఎంత మంచు కరిగిందో కొలిచారు. అది విడిచిన వాయువుతో ఆ వేడిని పోల్చి, శ్వాసక్రియ నెమ్మదిగా సాగే దహనం వంటిదని నిర్ధారించారు. మొత్తం వేడి లెక్క వరకు ఆ మాట నేటికీ నిలుస్తుంది. ఒక మోల్ గ్లూకోజ్ పొయ్యిలో మండినా, కణంలో కరిగినా చివరకు వెలువడేది సుమారు 2,805 కిలోజౌళ్లే. అయితే దీన్నుంచి పుట్టిన "ఆహారం దేహంలో మండి శక్తినిస్తుంది" అనే వాక్యం విద్యార్థిని దారి తప్పిస్తుంది. కణాన్ని అతను ఒక చిన్న బాయిలరుగా ఊహించుకుంటాడు.

ఈ ఊహను కార్నో సూత్రమే ఖండిస్తుంది. ఆవిరి ఉష్ణోగ్రత 540 డిగ్రీల సెల్సియస్, దాన్ని చల్లార్చే చోట 40 డిగ్రీలు అనుకుంటే, ఉష్ణయంత్రపు గరిష్ఠ సామర్థ్యం సుమారు 61 శాతం. వాస్తవంలో ఇటువంటి కేంద్రాలు మూడో వంతుకు కాస్త పైన మాత్రమే సాధిస్తాయి. ఇక కణం సంగతి చూడాలి. ఒక కణంలో ఈ మూలకూ ఆ మూలకూ ఒక డిగ్రీ తేడా ఉందనుకున్నా, దాన్ని ఉష్ణయంత్రంగా లెక్కిస్తే గరిష్ఠ సామర్థ్యం సుమారు 0.3 శాతమే. అంత స్వల్ప సామర్థ్యంతో ఏ మొలకా మట్టిని చీల్చుకు రాలేదు. కణం వేడితో పనిచేయదు. స్థిర ఉష్ణోగ్రత వద్ద రసాయనిక స్వేచ్ఛాశక్తితో పనిచేస్తుంది. గ్లూకోజ్ ఆక్సీకరణలో లభించే ప్రామాణిక స్వేచ్ఛాశక్తి మోల్‌కు సుమారు 2,870 కిలోజౌళ్లు. ఇది వెలువడే వేడి కన్నా కొంచెం ఎక్కువ. చర్యలో ఎంట్రోపీ పెరగడమే దానికి కారణం. దీని నుంచి కణం 30 నుంచి 32 ఏటీపీ అణువులను తయారు చేసుకుంటుంది. ఒక్కొక్క మోల్‌కు 30.5 కిలోజౌళ్ల చొప్పున లెక్కిస్తే దాదాపు మూడో వంతు శక్తి చేజిక్కినట్లే. విద్యుత్ కేంద్రపు అంకె, కణపు అంకె దగ్గరగా ఉండటం యాదృచ్ఛికం. వాటి హద్దులు వేర్వేరు.

ఈ పాఠం తెలుగువారికి పరాయిది కాదు. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని నీలిరంగు గాఢత ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఆ పద్ధతే వారిని 1927లో ఫాస్ఫోక్రియాటిన్ వద్దకు, 1929లో ఏటీపీ వద్దకు చేర్చింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నారు. నేడు భూసార పరీక్షా కేంద్రాల్లో లభ్య భాస్వరాన్ని కొలిచేటప్పుడు కనిపించే మాలిబ్డినం నీలిరంగు కూడా అదే కోవకు చెందిన రసాయన చర్య. ఆ పరీక్ష చేసే విద్యార్థికి ఈ సంబంధం చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. దానితోపాటే మరో అపోహ కూడా తొలగించాలి. ఏటీపీలో ఒక బంధం తెగితే శక్తి పుడుతుందని చాలామంది రాస్తారు. ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి ఖర్చవుతుంది. ఏటీపీ నీటితో చర్య జరిపినప్పుడు ఏర్పడే పదార్థాలు మరింత స్థిరమైనవి కావడం, కణం ఏటీపీ, ఏడీపీల నిష్పత్తిని సమతాస్థితికి చాలా దూరంగా నిలిపి ఉంచడం, ఈ రెండే ఆ శక్తికి మూలం. సమతాస్థితికి చేరిన కణం మృతకణం.

క్రమబద్ధతకు చెల్లించే మూల్యం

చెల్లాచెదురుగా ఉన్న కార్బన్ డయాక్సైడ్, నీరు, లవణాల నుంచి క్రమబద్ధమైన గింజ తయారవుతోంది కదా, ఎంట్రోపీ పెరగాలన్న రెండో సూత్రాన్ని మొక్క ఉల్లంఘిస్తున్నదా? తరగతిలో తెలివైన విద్యార్థి ఎవరైనా ఈ ప్రశ్న వేస్తారు. ఎర్విన్ ష్రోడింగర్ 1944లో వెలువరించిన గ్రంథంలో దీన్నే చర్చించారు. సమతాస్థితికి దూరంగా ఉండే వివృత వ్యవస్థల అధ్యయనానికి ఇల్యా ప్రిగోజిన్‌కు 1977లో నోబెల్ బహుమతి లభించింది. అయితే సమాధానం కోసం డబ్లిన్‌కో, బ్రసెల్స్‌కో వెళ్లనవసరం లేదు; పినపాక వరి మడిలోనే అది ఉంది.

నిండుగా ఆకు కమ్మిన వరి చేను ఎండ రోజున 5 మిల్లీమీటర్ల నీటిని ఆవిరి చేస్తుందనుకుంటే, ఎకరానికి అది సుమారు 20,000 లీటర్లు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి 2.45 మెగాజౌళ్ల వేడి కావాలి. అంటే ఆ ఎకరం పొలం ఒక్క రోజులో ఆవిరి రూపంలో పైకి పంపే వేడి సుమారు 50 గిగాజౌళ్లు. కిలోకు 4,000 కిలోకేలరీలిచ్చే బొగ్గు మూడు టన్నులు కాలిస్తే వచ్చే వేడి అది. మణుగూరు గనుల నడుమ పెరిగిన విద్యార్థికి మూడు టన్నుల బొగ్గు ఎంత కుప్పో ఎవరూ చెప్పనక్కరలేదు. అదే కాంతి నుంచి పంట పదార్థంగా నిలిచేది బహు స్వల్పం. వరి, పత్తి వంటి సీ3 మొక్కల్లో సైద్ధాంతిక గరిష్ఠ పరిమితి 4.6 శాతం, మొక్కజొన్న వంటి సీ4 మొక్కల్లో 6 శాతం. పొలంలో లభించేది అంతకన్నా చాలా తక్కువ. సూర్యుని నుంచి తక్కువ ఎంట్రోపీ గల కాంతిని గ్రహించి, అంతే శక్తిని ఎక్కువ ఎంట్రోపీ గల వేడిగా, ఆవిరిగా పొలం తిరిగి వదులుతుంది. గింజలోని క్రమబద్ధతకు మూల్యం పరిసరాలు చెల్లిస్తాయి. రెండో సూత్రానికి భంగం ఎక్కడా లేదు.

నీరు మొక్కలోకి ఎక్కడం కూడా ఇదే సూత్రానికి లోబడినది. తడిసి నీరింకిన మట్టిలో నీటి శక్మం సుమారు మైనస్ 0.03 మెగాపాస్కళ్లు, వడలు స్థాయిలో మైనస్ 1.5. 30 డిగ్రీల వద్ద, 50 శాతం తేమ ఉన్న గాలిలో అది సుమారు మైనస్ 97. మట్టి నుంచి ఆకాశం వరకు నీరు శక్మపు వాలు వెంట దిగుతుంది; మొక్క ఆ దారిలో తలుపులు తెరిచి మూసే కాపలాదారు మాత్రమే. ఈ అంకెలు తెలిసిన విద్యార్థి, తడి ఉన్న నేలలో కూడా పొడిగాలి వీచిన మధ్యాహ్నం మిరప ఎందుకు వాడుతుందో తనంతట తానే వివరించగలడు.

సాధ్యం కావడం వేరు, జరగడం వేరు

ఉష్ణగతిక శాస్త్రం ఏ చర్య సాధ్యమో చెబుతుంది. ఎంత వేగంగా జరుగుతుందో చెప్పదు. ఈ భేదాన్ని బోధించడానికి నత్రజనికి మించిన ఉదాహరణ లేదు. గాలిలోని నత్రజని, హైడ్రోజన్ కలిసి అమ్మోనియాగా మారడం గది ఉష్ణోగ్రత వద్ద స్వేచ్ఛాశక్తి దృష్ట్యా అనుకూలమైన చర్యే. అయినా నత్రజని అణువులోని త్రిబంధం కారణంగా ఆ చర్య ఆచరణలో సాగదు. కర్మాగారం వేగం కోసం 400 డిగ్రీలకు పైగా వేడి చేస్తుంది. వేడి పెరిగితే సమతాస్థితి అమ్మోనియాకు వ్యతిరేకంగా మొగ్గుతుంది. ఆ నష్టాన్ని పూడ్చడానికి వాతావరణ పీడనానికి వంద రెట్లకు మించిన పీడనం ప్రయోగించాలి. పెసర, వేరుశనగ వేరు బుడిపెల్లోని బాక్టీరియా అదే పనిని మట్టి ఉష్ణోగ్రత వద్దనే నైట్రోజినేజ్ ఎంజైముతో చేస్తుంది. అదీ ఉచితం కాదు. ఒక్కొక్క నత్రజని అణువుకు కనీసం 16 ఏటీపీలు ఖర్చు. ఆ ఖర్చును భరించేది మొక్క ఇచ్చే చక్కెర.

దేశంలోని యూరియా కర్మాగారాల్లో టన్ను ఉత్పత్తికి సుమారు 5.5 నుంచి 6.5 గిగాకేలరీల శక్తి వినియోగమవుతుంది. ఆ లెక్కన 45 కిలోల యూరియా బస్తా వెనుక దాదాపు 30 లీటర్ల డీజిల్‌కు సమానమైన శక్తి ఉంది. బస్తాపై కనిపించే ధర ఈ సంగతి చెప్పదు. పప్పుధాన్యాలతో పంట మార్పిడి మంచిదని విద్యార్థి పరీక్షలో రాస్తూనే ఉన్నాడు. ఎందుకు మంచిదో శక్తి లెక్కతో చెప్పగలిగినప్పుడే ఆ మాటకు రైతు ముందు బలం వస్తుంది.

కుప్ప వేడెక్కినప్పుడు

సరిగా ఆరని మొక్కజొన్న కుప్పలో చేయి పెడితే వెచ్చగా తగులుతుంది. రైతుకు అది అనుభవం, విద్యార్థికి అది ప్రయోగం కావాలి. ఒక కిలో చక్కెర శ్వాసక్రియలో ఖర్చయితే సుమారు 15.6 మెగాజౌళ్ల వేడి, 600 గ్రాముల నీరు వెలువడతాయి. ఆ వేడి బయటకు పోకుండా నిలిస్తే ఎనిమిది క్వింటాళ్ల గింజను దాదాపు 10 డిగ్రీలు వేడెక్కించగలదు. వేడి పెరిగితే శ్వాసక్రియ మరింత పెరుగుతుంది, పుట్టిన నీరు తేమను మరింత పెంచుతుంది. వెనువెంటనే బూజు వస్తుంది. తేమ శాతం మాత్రమే చెప్పి ఊరుకుంటే ఈ గొలుసు విద్యార్థికి అందదు. బూజుకు కావలసింది గింజలో ఉన్న మొత్తం నీరు కాదు, స్వేచ్ఛగా లభించే నీరు. గింజల మధ్య గాలి తేమ 65 శాతం లోపు ఉంటే బూజులకు ఎదుగుదల దాదాపు ఉండదు. విత్తన నిల్వలో తేమ ఒక శాతం తగ్గినా, ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినా విత్తన ఆయువు రెట్టింపవుతుందన్న హారింగ్టన్ స్థూల సూత్రానికి ఆధారం ఇదే.

ఏజెన్సీలో వేసవి ఆరంభంలో కోయ కుటుంబాలు ఏరి ఆరబెట్టే ఇప్పపువ్వుకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. ఆరిన పువ్వులోని చక్కెరలు నీటిని పట్టి ఉంచుతాయి కనుక అది కొంతకాలం చెడదు. వానకాలపు గాలి తగిలితే ఆ చక్కెరలే తేమను లాక్కుంటాయి. గూడెంలో తరతరాలుగా తెలిసిన ఈ జాగ్రత్త తరగతి గదిలో ఉష్ణగతిక పాఠంగా కనిపిస్తే, ఆ గూడెం విద్యార్థి శాస్త్రానికి బయటివాడినని అనుకోడు.

కూలీ దేహమూ లెక్కలోనిదే

వ్యవసాయ పాఠ్యగ్రంథాల్లో పైరు వేడి ఒత్తిడికి ఒక అధ్యాయం ఉంటుంది. చేనులో పనిచేసే మనిషి వేడి ఒత్తిడికి ఉండదు. గోదావరి లోయలోని ఈ ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలను తాకే రోజులుంటాయి. చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకన్నా వేడెక్కినప్పుడు వేడి దేహం నుంచి గాలిలోకి పోదు, గాలి నుంచి దేహంలోకి వస్తుంది. అప్పుడు మిగిలిన దారి చెమట ఒక్కటే. కాయకష్టంలో దేహం 400 వాట్ల వేడిని ఉత్పత్తి చేస్తుందనుకుంటే, దాన్ని వదిలించుకోవడానికే గంటకు 600 మిల్లీలీటర్ల చెమట ఆవిరి కావాలి. గాలి నుంచి, ఎండ నుంచి చేరే వేడి దీనికి అదనం. కారిపోయిన చెమట లెక్కకు రాదు, ఆవిరైనదే చల్లబరుస్తుంది. తడి ఉష్ణమాపి 35 డిగ్రీలు చూపితే నీడలో కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా తట్టుకోలేడన్నది సైద్ధాంతిక హద్దు; ఇటీవలి ప్రయోగాలు ఆ హద్దు ఇంకా కిందనే ఉందని చూపాయి. కనుక పనివేళలు, నీడ, తాగునీరు అనేవి కూలీల పట్ల చూపే దయ మాత్రమే కావు. వ్యవసాయ అధికారి లెక్కించి సూచించవలసిన విషయాలు.

రెండు అభ్యంతరాలు

ఇదంతా ఇంజనీర్ల పని, గణిత భారం పెరుగుతుంది అన్నది మొదటి అభ్యంతరం. పైన ఇచ్చిన లెక్కలన్నీ గుణకారం, భాగహారాలతో తేలినవే. ఒక్క గాలి నీటి శక్మానికే సంవర్గమానం కావాలి. కలనగణితం ఎక్కడా అవసరం రాలేదు. భారం గణితం వల్ల వచ్చింది కాదు. పొలంతో సంబంధం లేని ఉదాహరణల వల్ల వచ్చింది.

రెండో అభ్యంతరం బరువైనది. శక్తి లెక్కలతో వ్యవసాయాన్ని తూచడం మొదలుపెడితే, ప్రతి పద్ధతినీ ఒకే అంకెతో తీర్పు చెప్పే ప్రమాదముంది. పోడు వ్యవసాయం దీనికి నిదర్శనం. నరికిన చెట్టూ పొదా కాలితే అందులోని నత్రజని చాలావరకు గాలిలో కలుస్తుంది; పొటాష్, సున్నం, భాస్వరం బూడిదలో నిలుస్తాయి. ఉష్ణగతిక శాస్త్రం ఇంతవరకు చెప్పగలదు. ఆ భూమిపై ఎవరికి హక్కుంది, బీడు విడిచే కాలం ఎందుకు తగ్గింది, ఆ కుటుంబానికి మరో ఆధారమేమిటి అన్న ప్రశ్నలకు అది సమాధానం కాదు. కొలత హద్దులెరిగిన విద్యార్థే కొలతను న్యాయంగా వాడగలడు. అందువల్ల ఈ అభ్యంతరం పాఠాన్ని మానడానికి కాదు, జాగ్రత్తగా చెప్పడానికి కారణం.

చేయవలసినది

ఇందుకోసం కొత్త కోర్సు అవసరం లేదు. జీవరసాయనం, శరీరధర్మశాస్త్రం, వాతావరణశాస్త్రం, ఇంజనీరింగ్ బోధకులు నలుగురూ కూర్చుని, ఒకే పదజాలంతో, ఒకే వరుసలో ఈ అంశాలను పంచుకుంటే చాలు. వివృత వ్యవస్థతో మొదలుపెట్టి, స్వేచ్ఛాశక్తి మీదుగా సాగి, ఆదర్శవాయువును చివరకు ఉంచాలి. తెలుగు పారిభాషిక పదాన్నీ, ఆంగ్ల పదాన్నీ పక్కపక్కనే పలికించాలి. తెలుగు అకాడమీ పుస్తకాల్లో ఆ పదాలు ఎప్పటి నుంచో ఉన్నాయి.

ప్రయోగాలకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఉష్ణమాపులు, తడిగుడ్డ, తూకం, తేమమాపి ఉంటే నీరు పెట్టిన మడికీ ఎండిన మడికీ మధ్య ఆకు ఉష్ణోగ్రత తేడా, తడి గింజల కుప్ప వేడి, ఎండబెట్టిన మిరపలో రోజువారీ బరువు నష్టం, పొలం గట్టున తడి ఉష్ణమాపి పఠనం అన్నీ కొలవవచ్చు. ఇదే జిల్లాలోని అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల విద్యార్థులు గ్రామీణ కృషి అనుభవ కాలంలో ఈ నాలుగు కొలతలనూ రైతుల సమక్షంలో తీసి, లెక్కగట్టి చూపవచ్చు. మూల్యాంకనంలో సమీకరణం రాయమనడానికి బదులు, ఆ కొలతను ఒక రైతుకు అర్థమయ్యే తెలుగులో వివరించమని అడగాలి.

ఉష్ణోగ్రతలు పెరుగుతున్న కాలమిది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ క్షేత్రాల్లో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఎండకాలపు వరి దిగుబడి సుమారు 10 శాతం తగ్గినట్లు 2004లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. పగలు కూడబెట్టిన చక్కెరను వెచ్చని రాత్రి శ్వాసక్రియ ఎంత హరిస్తుందో, గింజకు ఎంత మిగులుతుందో అడగవలసిన తరం ఇప్పుడు తరగతి గదుల్లో ఉంది. ఆ ప్రశ్నకు కావలసిన శాస్త్రాన్ని వారు ఇప్పటికే రెండుసార్లు చదివారు. మూడోసారి పొలంలో చదివించవలసిన బాధ్యత వ్యవసాయ విశ్వవిద్యాలయాలది.